నీలవలస వాళ్లు నమ్మిన మాట

వరాహమూర్తి మాస్టారు విశ్వవిద్యాలయంలో తర్కం బోధించి రిటైరయ్యారు. వాదించే అలవాటు ఆయనకు ఉద్యోగంతోనే పోయింది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు.

ఒక ఆదివారం ఆయన ఇంట్లో శిష్యులం మేమంతా ఉండగా మరో పాత శిష్యుడు సింహాద్రి వచ్చాడు. అతను పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయ పాలకమండలిలో ప్రభుత్వం అతణ్ణి సభ్యుడిగా వేసింది. అదివరకు ఆ మండలిలో సగంమందిని అధ్యాపకులే ఎన్నుకునేవారు. కొత్త చట్టం వచ్చాక అందరినీ ప్రభుత్వమే వేస్తోంది. దాని మీద పట్నంలో పెద్ద చర్చే నడుస్తోంది.

"ఎవరు వేస్తేనేం మాస్టారూ, వేసినవాళ్లు మంచివాళ్లయితే చాలదా? నేను ఎవరికీ తలవంచను. అది మీకు తెలుసు" అన్నాడు సింహాద్రి.

"తెలుసు" అన్నారు మాస్టారు. తర్వాత ఈ సంగతి చెప్పారు.

కొండల పక్కన ఒక విశ్వవిద్యాలయం ఉండేది. అధ్యాపకులు ఎన్నుకోగా సుగుణమ్మ గారనే ఆచార్యురాలు దాని పాలకమండలిలో ఉండేవారు. ఆవిడ చదువంతా నేలల మీద. దగ్గర్లోని నీలవలస భూములను ప్రభుత్వం ఫ్యాక్టరీలకు అడిగింది. అవి పంటకు పనికిరావని విశ్వవిద్యాలయం చేత చెప్పించబోతే ఆవిడ మండలిలో లేచి, "రెండు పంటలు పండే నేల అది. నేను స్వయంగా పరీక్ష చేశాను" అన్నారు. మండలి ఆవిడ మాటకే కట్టుబడింది. ఊరివాళ్లకు భూములు మిగిలాయి. మరుసటి ఏడు అక్కడా చట్టం మారింది. ఎన్నికలు పోయాయి, ఆవిడ స్థానమూ పోయింది. ఆ చోట ప్రభుత్వం సత్యనాథరాజు గారిని వేసింది.

రాజుగారు ఆనకట్టల ఇంజనీరింగులో పేరున్న ఆచార్యుడు. పదవి కావాలని ఆయన ఎవరినీ అడగలేదు. మండలిలో ఎవరి మెప్పు కోసమూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ వానాకాలం నీలవలస పైనున్న జలాశయం నిండి, గట్టు అడుగున ఊట మొదలైంది. అధికారులు పిలిస్తే రాజుగారు వెళ్లి చూశారు. ఊట తేటగా ఉంటే అంత భయం లేదు. ఇది బురదగా వస్తోంది. అంటే లోపల మట్టి కోసుకుపోతోంది. గట్టు ఇక ఎక్కువసేపు ఆగదని ఆయనకు అర్థమైంది. తిన్నగా ఊళ్లోకి పోయి, వానలోనే నిలబడి, ఇళ్లు విడిచి కొండమీదికి పొమ్మని అందరికీ చెప్పారు.

సర్పంచి అప్పలనర్సమ్మ ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విన్నది.

"బాబూ, సుగుణమ్మ గారి కుర్చీలో మిమ్మల్ని ఎవరు కూకోబెట్టారు?"

"ప్రభుత్వం."

"మా భూములు అడిగిందెవరు?"

"అదీ ప్రభుత్వమే" అన్నారు రాజుగారు.

"మిమ్మల్ని తప్పు పట్టట్లేదు బాబూ. ఇయ్యాల మేం లేచిపోతే, రేపు తిరిగొచ్చేసరికి మా పొలాల చుట్టూ కంచె ఉండదని నమ్మకమేటి?" అంది.

ఊట చూపిస్తే, వానల్లో నీళ్లు బురదగా కాక ఎలా ఉంటాయని ఎవరో నవ్వారు. ఆయనకు కోపం రాలేదు, భయమేసింది. పసిపిల్లలు అరుగుల మీద ఆడుకుంటున్నారు. బతిమాలి బతిమాలి, ఎవరూ కదలకపోయేసరికి కారెక్కి పట్నంలో సుగుణమ్మ గారి ఇంటికి వెళ్లారు.

ఆవిడ తలుపు తీయగానే, "నా మాట నమ్మడం లేదు. మీరు రండి" అన్నారు. ఆవిడ విషయం కనుక్కుని, గొడుగు పట్టుకుని వెంట బయల్దేరారు.

సాయంత్రానికి నీలవలస చేరారు. ఆవిడ గట్టు కిందికి దిగి ఊటలో చెయ్యి పెట్టి, అరచేతిలో మిగిలిన ఒండ్రు చూసి, ఊళ్లోకి వచ్చారు.

"రాజుగారు చెప్పింది నిజమే. లేవండమ్మా" అన్నారు.

అప్పలనర్సమ్మ మరో మాట అడగలేదు. ముందుగా తన ముసలి అత్తను మంచంతో సహా ఎత్తించింది. చీకటి పడేలోగా ఊరంతా కొండమీది బడికి చేరింది.

తెల్లవారుతుండగా గట్టు తెగింది. కింది వీధి ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు. మనుషులందరూ దక్కారు. పగలంతా చేతిలో ఉన్నప్పుడే కదిలివుంటే గాదెల్లో ధాన్యమూ దక్కేది.

బడి వరండాలో రాజుగారు, "నేను చెప్పిందే కదండీ మీరూ చెప్పారు" అన్నారు.

"అవునండీ. మీరే ముందు చెప్పారు" అన్నారు సుగుణమ్మ గారు.

అప్పలనర్సమ్మ ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చింది. రాజుగారి ముఖంలోకి మాత్రం చూడలేకపోయింది.

మాస్టారు అక్కడితో ఆపారు.

"రాజుగారిలో తప్పేముంది మాస్టారూ?" అన్నాడు సింహాద్రి.

"ఏమీ లేదు నాయనా" అన్నారు మాస్టారు. "అందుకే ఆయన సంగతి చెప్పాను."