రాజుగారు ఊపిరి బిగబట్టిన వేళ

ఒకానొక రాజ్యంలో ఎండకన్నా రాజుగారి కోపమే ఎక్కువ చురుక్కుమనేది. ఆయన పేరు ఉద్దండవర్మ. తాను అందరిలాంటి ప్రాణిని కానని, సూర్యుడి నుంచి నేరుగా ఊడిపడ్డానని ఆయన నమ్మకం.

ఒకనాడు ఆయన పల్లకీ పొలాల మధ్య వెళుతుండగా, బాట నడుమ ఒక గేదె ఈనింది. పల్లకీ ఆగిపోయింది. గేదెల కాపరి గంగులు చేతులు జోడించి పరుగెత్తుకొచ్చాడు.

"కాస్త ఓర్చుకోండి దొరా. దూడ ఇంకా లేచి నిలబడలేదు. ఇదీ తమబోటి ప్రాణే గదా!"

రాజుగారి మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "ఏమన్నావ్? నేనూ గేదే ఒకటా? పొద్దుగుంకేలోగా వీణ్ణి రాజ్యం దాటించండి!"

గంగులు కాళ్ళ మీద పడ్డాడు. "పెళ్ళాంబిడ్డలు గలవాణ్ణి దొరా! పుట్టిన ఊరొదిలి ఎక్కడికి పోను?"

పల్లకీ పక్కన నడుస్తున్న ఆస్థాన విదూషకుడు మల్లుభట్టు ముందుకొచ్చాడు. "ప్రభువుల మాటకు తిరుగేముంది! కాకపోతే లోకులు కాకులు. పోలిక లేదని రుజువేదీ అంటారు. చిన్న పందెం వేద్దామా?"

"ఏమిటది?"

"ఒక్క గడియ ఆ గేదె ఎదుట కూర్చోండి. అది చేసే పని ఏదీ తమరు చెయ్యకూడదు. నెగ్గితే గంగులు పోతాడు, ఓడితే ఉంటాడు."

"ఓస్, ఇంతేనా! నేనేమైనా నెమరేస్తానా, దూడను నాకుతానా?"

బాట మీదే పీట వేశారు. గేదె దూడను నాకింది. రాజు మీసం దువ్వాడు. గేదె నెమరేసింది. రాజు నోరు బిగించాడు. భటులు జేజేలు కొట్టారు.

"ప్రభూ, అది ఊపిరి పీలుస్తోంది," అన్నాడు మల్లుభట్టు మెల్లిగా.

రాజు గతుక్కుమన్నాడు. మాటిచ్చాక వెనక్కి తగ్గితే పరువేం కాను? గబుక్కున ముక్కు మూసుకున్నాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి. మొహం వంకాయ రంగుకు తిరిగింది. అంతలో గేదె చెవి మీద ఈగ వాలింది. గేదె చెవి విదిల్చింది. ఆ ఈగే వచ్చి రాజు చెవి మీద వాలింది. రాజూ తల విదిల్చాడు! దాంతో బిగబట్టిన ఊపిరంతా బుస్సున తన్నుకొచ్చింది.

"ఊపిరి సరే!" అన్నాడు రాజు రొప్పుతూ. "మిగతావాటిలో పోలికేముందిరా?"

"ఈగ వాలితే ఇద్దరికీ చిరాకేసింది, చూశాం కదా! అది గడ్డి తిని బలం తెచ్చుకుంటుంది, తమరు గారెలు తిని. తిన్నదాంట్లో ఒంటికి పట్టనిది... ఆ సంగతి నలుగురిలో ఎందుకులెండి. ఈ దూడ రేపు గేదెంత అవుతుంది, తమరూ ఒకప్పుడు ఉయ్యాలలో పట్టినవారే. దానికి దూడ పుట్టింది, తమకు యువరాజు పుట్టాడు. కదలడంలో మాత్రం అదే ఒక పాలు ఎక్కువ. తమరిని బోయీలు మోస్తారు కదా!"

భటులు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. రాజు గొంతు తగ్గింది. "అయితే మా ఇద్దరికీ తేడాయే లేదంటావా?"

"ఒక్కటుంది ప్రభూ. దాని పురిటి వేళ మనమింతమందిమి వచ్చి రభస చేశాం. అయినా అది ఎవరినీ రాజ్యం దాటి పొమ్మనలేదు."

రాజు ఒకసారి గేదె వైపు, ఒకసారి గంగులు వైపు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. చేతి కంకణం తీసి మల్లుభట్టుకు తొడిగాడు. "లేవరా గంగులూ! నీ ఊరు నీదే. వీడి నోటి ముందు నేనే ఓడాను."

అప్పుడే దూడ తూలుతూ లేచింది. నాలుగడుగులు వేసి, రాజు వేలు అందుకుని చప్పరించసాగింది.

"ఒరేయ్ మల్లూ, దీనికి ఆకలేస్తోందిరా!" రాజు మురిసిపోయి, దాన్ని తానే తల్లి పొదుగు దగ్గరికి నడిపించాడు. అది తోకాడిస్తూ పాలు తాగుతుంటే కాసేపు గుటకలు మింగుతూ చూసి, బోయీల వైపు తిరిగాడు.

"నాకూ వేస్తోంది. పదండి, పదండి!"