ఈరమ్మ కట్టిన గోనెపట్ట

అనగనగా అంటారే, అంతకంటే ముందటి మాట. మా కొండ అప్పటికింకా నిండుగా ఉండేది. దాని కింద రాళ్లు కొట్టి బతికేవాళ్ల గుడిసెలు. అందులో ఈరమ్మ అని ఒకామె, కంకర మోసే మనిషి. మొగుడు సుంకన్న రాళ్లు కొట్టేవాడు.

ఒకనాడు సుంకన్న పాదంలో తుప్పు పట్టిన ఉలి దిగింది. ఇంత మన్ను అద్దుకుని పనికి పోయాడు. కొన్నాళ్లకు దవడలు బిగుసుకున్నాయి. తర్వాత మెడ. ఆ తర్వాత వీపు విల్లులా వంగింది. మట్టిలో ఉండే కంటికానని పురుగు గాయంలో చేరుతుందనీ, దాని విషం నరాల వెంబడి వెన్నులోకి ఎక్కుతుందనీ ఇప్పుడు డాక్టర్లు చెబుతారు. అప్పుడు మాత్రం దయ్యం అన్నారు.

ఈరమ్మ పక్కనే కూర్చుని చూసింది. సుత్తి మోగితే ఒళ్లు వంగుతోంది. సుత్తి ఆగితే కాస్త వదులవుతోంది.

"నా మాట తెలుస్తా ఉందా? తెలిస్తే కండ్లు మూసి తెరువు" అంది మెల్లగా.

మూసి తెరిచాడు. ఆమె లేచింది.

రాళ్లు కొట్టేవాళ్ల దగ్గరికి పోయింది. "చప్పుడు చెయ్యొద్దప్పా. చప్పుడుకే ఆయన విరిగిపోతా ఉండాడు."

"సుత్తి ఆపితే మాకు గంజి ఎట్లమ్మా?" అన్నాడు మేస్త్రి.

"కొండ యాడికీ పోదు. మనిషి పోతాడు."

వాళ్లు సుత్తులు భుజాన వేసుకుని కొండకు అవతలి పక్కకి పోయారు.

ఉలులకు పదును పెట్టే కమ్మరి దగ్గరికి పోయింది. "చప్పుడు చెయ్యొద్దన్నా. చప్పుడుకే ఆయన విరిగిపోతా ఉండాడు."

కమ్మరి కొలిమి ఆర్పేశాడు.

ఇంటికొచ్చేసరికి భూతవైద్యుడు డోలు మెడలో వేసుకుని నిలబడి ఉన్నాడు.

"చప్పుడు చెయ్యొద్దు సామీ" అంది.

"డోలు కొట్టకుంటే దయ్యం పోదు."

ఈరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "కొట్టాలంటే నన్ను కొట్టు. డోలు కొట్టొద్దు."

అతను డోలు మెడలోంచి తీసి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె గుమ్మానికి గోనెపట్ట కట్టింది, వెలుగు కూడా తగలకుండా. తడిగుడ్డతో పెదాల మీద చుక్క చుక్క నీళ్లూ, గంజీ పిండింది. చంద్రుడు తరిగి, మళ్లీ పెరిగాడు. ఒక పొద్దున సుంకన్న దవడ కదిలింది.

"ఆకలి" అన్నాడు.

ఈరమ్మ అప్పుడు ఏడ్చింది, అదీ చప్పుడు రాకుండా.

ఆ తర్వాత ఏ ఊళ్లో ఎవరికి దవడ బిగుసుకున్నా ఆమెను పిలిచేవాళ్లు. అందరూ బతకలేదు. బతకనివాళ్ల దగ్గర కూడా చివరిదాకా కూర్చునేది.

ఇప్పుడు ఇనుము గుచ్చుకుంటే సూది మందు వేయించుకుంటున్నాం. అయినా మా వైపు మనిషి జబ్బున పడితే గుమ్మానికి గోనెపట్ట కడతారు. అది కనబడితే సుత్తులు ఆగుతాయి. దారిన పోయేవాళ్లు చెప్పులు చేతబట్టుకుని, "ఈరమ్మ కూర్చునుంది లోపల" అని పిల్లలకు గుసగుసగా చెప్పి నడిచిపోతారు.