కాళ్ళు తెగిన పుట్టగొడుగులు

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఎంత, కొండ కింద ఇరవై గడపలు. ఆ ఊళ్ళో పైడి అని ఒక పిల్ల. నీకంటే రెండేళ్ళు పెద్ద, నీలాగే ఒకచోట కాలు నిలవదు. కదలకుండా పడుకో మరి, లేకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

పైడికి ఒక అవ్వ, ఒక తమ్ముడు. అమ్మానాన్నా పక్కూరికి నాట్లకి వెళ్ళారు, పదిరోజులకి గానీ రారు. తమ్ముడికి జ్వరం వచ్చి అప్పుడే తగ్గింది. గంజి పోస్తే ఉమ్మేస్తున్నాడు. "పుట్టగొడుగుల కూరైతే తింటాను" అని ఒకటే ఏడుపు.

ఏటా పుట్టగొడుగులు ఏరేది అవ్వే. ఆ ఏడు అవ్వకి చూపు పూర్తిగా పోయింది. అప్పుడు పైడిని పిలిచి చెప్పింది. "పుట్ట మీద లేచినవే తియ్యి. వేళ్ళతో తవ్వి కాలుతో సహా తియ్యి. కొయ్యకు, వింటున్నావా?"

"ఊఁ" అని పరిగెత్తింది పైడి. రాత్రంతా ఉరిమి వాన వెలిసిన పొద్దు. కొండ దారంతా తెల్లటి గొడుగులే! పుట్ట మీదా ఉన్నాయి, చెట్టు కిందా ఉన్నాయి, పేడకుప్ప పక్కనా ఉన్నాయి. తవ్వుతూ కూర్చుంటే మిగతా పిల్లలు ఏరుకుపోతారని భయం. ఏం చేసింది? కొడవలితో చరచరా కోసి గంపలో వేసుకుంది. ఏం మురిసిపోయిందో!

ఇంటికొచ్చాక అవ్వ గంపలో చెయ్యి పెట్టింది. ఒకటి తడిమింది. ఇంకొకటి తడిమింది. మూడోది తడిమి ఆగిపోయింది.

"కాళ్ళేవే?"

"కోసేశానవ్వా."

"అయితే పారబొయ్యి."

తమ్ముడు గొల్లుమన్నాడు. ఆ ఏడుపుకి ఇరుగూ పొరుగూ చేరారు. ఒకామె, "వెండి కడియం వేసి ఉడికించు, నల్లబడకపోతే మంచివే" అంది. ఆ తర్వాత ఇంకొకామె, "చీమలు కొరికాయిగా, విషమైతే కొరుకుతాయా?" అంది. ఆ తర్వాత ఒకాయన, "పసుపేసి బాగా ఉడికిస్తే ఏ విషమైనా విరిగిపోతుంది" అన్నాడు.

అవ్వకి ఒళ్ళు మండింది. "వెండికేం తెలుసు? చీమ కడుపు వేరు, నా మనవడి కడుపు వేరు. ఎంత ఉడికినా పోని విషాలున్నాయి" అని, కోళ్ళు కూడా ముట్టకుండా గంపంతా గోతిలో పూడ్పించింది. ఆ పూట పైడి ఏడుస్తూ గంజి తాగింది. అవ్వ రాక్షసి అనుకుంది. నిజం, అలాగే అనుకుంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. నిన్న కోసిన మొదళ్ళు అక్కడే ఉన్నాయి. పుట్ట మీద తవ్వి చూస్తే, కాలు వేరులా సన్నగా సాగి పుట్ట లోపలికంటా దిగి ఉంది. ఆ తర్వాత పేడకుప్ప దగ్గర తవ్వింది. అక్కడ వేరన్నదే లేదు, పైపైనే ఊడొచ్చింది. ఆ తర్వాత చెట్టు కింద తవ్వింది. ఆ కాలి అడుగున తెల్లటి గిన్నె, పగిలిన గుడ్డు పెంకులాగా. ఆ గిన్నె ఉన్నదాన్ని తింటే మనిషి దక్కడని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో! ఇది నిన్న కూరలో పడుంటే? తమ్ముడి మొహం కళ్ళముందు మెదిలింది. అక్కడే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడు కొడవలి పక్కన పడేసి, పుట్ట మీద కొత్తగా లేచినవాటిని వేళ్ళతో తవ్వింది. గోళ్ళు అరిగాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. దొరికినవి ఎనిమిది.

అవ్వ ఒక్కొక్కదాన్నీ కాలి కొసదాకా తడిమింది. "ఇంతేనా?"

"ఇంకోటి ఉందవ్వా, అన్నిటికంటే పెద్దది. పుట్ట అంచున లేచింది. తవ్వుతుంటే కాలు విరిగిపోయింది, అడుగున ఏముందో తెలియలేదు. వదిలేశాను."

అప్పుడు విప్పారింది అవ్వ మొహం. పైడిని ఒళ్ళోకి లాక్కుని, "ఇక నాకు చూపు లేకపోయినా పర్లేదే" అంది.

తమ్ముడు కూరంతా తిని గిన్నె కూడా నాకాడు. రేపు పనసకాయ పట్టుకుని వస్తున్నాడు చూడు మీ తాతయ్య, మా తమ్ముడు, ఇప్పటికీ అన్నం తిన్నాక విస్తరి నాకుతాడు. నువ్వు నవ్వకు. నాకనీ, పాపం.

అవునే, ఆ పిల్లని నేనే. ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
అనుమానం గోతికి,
మనమేమో నిద్రకి!