పాదం మీద ఫిడేలు

కామేశ్వరమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతారు. విజయనగరంలో ఆవిడ దగ్గర ఫిడేలు నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు కనుక, ఎండ ముదిరాక ఎవరూ ఆవిడకు ప్రశ్నలు వేయరు.

పైడితల్లి వేసింది. ఆ పిల్ల తండ్రి పెళ్ళిళ్ళలో డోలు వాయిస్తాడు. లయ పుట్టుకతోనే ఒంట్లో ఉంది, చెయ్యి కూడా మంచిది. ఆ చేతిలో ఉన్నది మాత్రం బజారులో కొన్న ప్లైవుడ్ ఫిడేలు. కిందటేడు రేడియో ఆడిషన్‌కి దాంతోనే వెళ్ళింది. కీర్తన సగంలో ఉండగా తీగ బిగించే బిరడా జారి శ్రుతి పోయింది. పిల్ల బెదిరిపోయి కమాను కింద పెట్టేసింది. మళ్ళీ ఆడిషన్ వచ్చే నెలలోనే. ఈసారి కూడా అంతే అయితే ఇంక చాలు, మేళంలో తాళం వేద్దువుగాని రా అని తండ్రి కచ్చితంగా చెప్పేశాడు. పనివాడు చేత్తో చెక్కిన ఫిడేలు కొనాలంటే వాళ్ళ ఇల్లు అమ్మినా చాలదు.

అలాంటి పిల్లల కోసమే కామేశ్వరమ్మగారు ఇల్లిల్లూ తిరుగుతారు. ఊళ్ళో ఏ మేడలో, ఏ అటక మీద మంచి ఫిడేలు మూగబోయి పడుందో ఆవిడకు తెలుసు. వెళ్ళి అడుగుతారు. ఇస్తే వాయించే చేతిలో పెడతారు, ఇవ్వకపోతే మళ్ళీ వెళతారు. గిట్టని వాళ్ళు దీనికి ఫిడేళ్ళ ముష్టి అని పేరు పెట్టారు. ఆ మాట ఆ పూట పైడితల్లి చెవిన పడింది. ఒళ్ళు మండిపోయి, తిన్నగా వచ్చి అడిగేసింది.

"అమ్మగారూ, పుచ్చుకునీ వాళ్ళం తల దించుకునే ఉండాలేటండీ?"

కామేశ్వరమ్మగారు చెప్పులు తొడుక్కున్నారు. "పద. నూనె సీసా మర్చిపోకు" అన్నారు.

వెళ్ళింది కలప అడితి పార్థసారథిగారింటికి. ఆయన చెడ్డవాడేం కాదు. ఎందరు పిల్లలకు ఫీజులు కట్టాడో ఆయనకే గుర్తులేదు. ఆయన తండ్రి ఎప్పుడో కలకత్తాలో కొన్న జర్మనీ ఫిడేలు ఒకటి ఆ ఇంట్లో అద్దాల బీరువాలో, వెండి విగ్రహాల పక్కన ఉంది. తండ్రి పోయాక దాన్ని వాయించిన నాథుడు లేడు. ఏటా సరస్వతీపూజ నాడు దానికి గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మల్లెదండ వేసి, హారతిచ్చి మళ్ళీ తాళం వేస్తారు. ఆ భక్తికి పైన మెరుగంతా మరకలు పడింది. కామేశ్వరమ్మగారు ఆ మరకలు చూసి పళ్ళు బిగపట్టుకున్నారు. సంచిలోంచి కొత్త తీగలు తీసి ఎక్కించి, ఫిడేలు పైడితల్లికి అందించారు.

పిల్ల చాప మీద బాసింపట్టు వేసుకుని, వేళ్ళకు నూనె రాసుకుంది. మన సంగీతంలో ఎడంచెయ్యి తీగ మీద పైకీ కిందికీ జారుతూ ఉండాలి, అప్పుడే గమకం పలుకుతుంది. చెయ్యి అలా ఆడాలంటే ఫిడేలు కదలకూడదు. అందుకని ఒక కొస గుండెకు ఆన్చి, తల ఉన్న కొసను కుడి పాదం మీద నిలుపుతారు. పైడితల్లీ అలాగే నిలిపింది.

"అయ్యయ్యో, పాదం మీదా?" అన్నారు పార్థసారథిగారు, కుర్చీలోంచి సగం లేచి. "అది మా ఇంటి సరస్వతమ్మా. ఇదిగో, ఈ దిండు తీసుకో. దీని మీద పెట్టి వాయించు, ఇవాళే ఇచ్చేస్తాను."

పట్టుదిండు వచ్చింది. పైడితల్లి గబగబా కాలు వెనక్కి లాక్కుని, తప్పయిపోయిందండీ అని లెంపలు వేసుకుని, దిండు మీద పెట్టి వాయించింది. ఫిడేలు ఒక చోట నిలవలేదు. గమకం పలకాల్సిన చోటల్లా చెయ్యి తడబడింది. అయినా పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఎలా పలికితేనేం, ఆ ఫిడేలు తనది కాబోతోంది.

కామేశ్వరమ్మగారు ఫిడేలు అందుకున్నారు. దిండు పక్కకు నెట్టి, దాని తలను తన కుడి పాదం మీద నిలిపి ఆరభి రాగం ఎత్తుకున్నారు. ఇన్నేళ్ళు నోరు కట్టేసుకున్న చెక్క ముందు బొంగురుగా మూలిగింది. కాసేపటికి గొంతు విప్పింది. వంటింట్లో చప్పుళ్ళు ఆగిపోయాయి. పార్థసారథిగారు ఈసారి కుర్చీలోంచి లేవలేదు.

వాయించడం ముగించి ఆవిడ అడిగారు. "నాకు దిండు ఇవ్వలేదేం బాబూ?"

"మీకేంటమ్మా, పెద్దవారు. మీకు చెల్లుతుంది."

"నా పాదానికి చెల్లింది ఈ పిల్ల పాదానికెందుకు చెల్లదో చెప్పు, వింటాను."

ఆ జవాబు పైకి చెప్పదగ్గది కాదని ఆయనకూ తెలుసు. కామేశ్వరమ్మగారు ఫిడేలు ఆయన ఒళ్ళో పెట్టి, పైడితల్లి రెక్క పట్టుకుని బయటికి వచ్చేశారు.

దారిలో పిల్ల ఏడ్చింది. దొరికింది చేజార్చారు కదండీ, నేను పడేదాన్ని కదా ఆ దిండుతో, మీకేం పోయింది అని నోటికొచ్చినట్టు అనేసింది. కామేశ్వరమ్మగారు అన్నీ వింటూనే నడిచారు. ఇంటికి వెళ్ళాక కూడా పైడితల్లి కోపం చల్లారలేదు. ముందు అమ్మగారి మీద, తర్వాత పార్థసారథిగారి మీద, చివరికి తను వేసుకున్న ఆ లెంపల మీదికి మళ్ళింది. ఆ మూడోది మాత్రం ఎంతకీ దిగలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక్కర్తీ వెళ్ళి పార్థసారథిగారి వీధి వరండాలో కూర్చుంది. ఎవరి అనుమతీ అడగలేదు. తన ప్లైవుడ్ ఫిడేలును కుడి పాదం మీద నిలిపి, వేళ్ళకు నూనె రాసుకుని ఆరభి మొదలుపెట్టింది. పక్కనే అడితిలో దుంగలు దింపే కూలీలు ఆగి చూశారు. మధ్యలో బిరడా జారింది. ఈసారి పిల్ల బెదరలేదు. తిప్పి బిగించుకుని, విడిచిన చోట మళ్ళీ అందుకుంది. పార్థసారథిగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆమె ఆయన్ని చూసింది గాని లేవలేదు, రాగం ముగిసేదాకా ఆపలేదు.

"మీ ఫిడేలు నాకు కావాలండి" అంది అప్పుడు. "ఇస్తే కాలి మీదే పెట్టుకుని వాయిస్తాను. ఇవ్వకపోతే దీని మీదే వాయిస్తాను. ఆడిషన్‌కి మాత్రం వెళ్ళడం మానను."

పార్థసారథిగారు ఆ పిల్ల ఎడంచేతి వేళ్ళ వైపు చూశారు. తీగలు కోసి కోసి మొద్దుబారిన వేళ్ళు. ఆయన లోపలికి వెళ్ళి, ఉత్తరీయం అంచుతో దాని మీది కుంకుమ బొట్టు తుడుస్తూ ఫిడేలు పట్టుకొచ్చారు.

"నిన్న మీరు వెళ్ళినప్పట్నుంచీ ఇల్లు బోసిగా ఉందమ్మా" అన్నారు. "తీగలు తెగితే కబురు చెయ్యి. నేను తెప్పిస్తాను."

పైడితల్లి అమ్మగారింటికి పరుగున వచ్చి జరిగిందంతా చెప్పింది. నిన్న అన్న మాటలకు కాళ్ళ మీద పడబోతే కామేశ్వరమ్మగారు పడనివ్వలేదు. పిల్ల ఆ ఫిడేలు పట్టుకుని కూర్చుని, కాస్త తటపటాయించి మళ్ళీ అడిగింది.

"ఇంతకీ తల దించాలా వద్దా, చెప్పలేదు కదండీ అమ్మగారూ?"

"శ్రుతి చేసుకునేటప్పుడు దించు, బాగా వినబడుతుంది" అన్నారు కామేశ్వరమ్మగారు. "ఆ తర్వాత కూడా దించుకుని ఉంటే మెడ పట్టేస్తుంది."