బొంతయ్య కొన్న టేకు తోట

అనగనగా మూడు గుట్టల నడుమ ఒక అడవి ఉండేది. ఆ అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి, ఆయన భార్య ఇప్పమ్మ కాపురం ఉండేవాళ్ళు. బొంతయ్యకు ఒళ్ళంతా గుబురుగా బొచ్చు ఉండడంతో, దూరం నుంచి చూస్తే ఎవరో బొంత కప్పుకుని నడిచొస్తున్నట్టు ఉండేవాడు. అందుకే ఆయనకు ఆ పేరు వచ్చింది.

బొంతయ్య కష్టజీవి. ఎండాకాలమంతా కొండ చరియలు ఎక్కి తేనెపట్లు పిండేవాడు. ఆ తేనెను వెదురు బొంగుల్లో పోసి, మూతికి ఆకులు కుక్కి, గుహలో వరసగా నిలబెట్టేవాడు. వానాకాలం రాగానే ఆలుమగలిద్దరూ ఆ తేనె తాగుతూ, గుహలో వెచ్చగా పడుకుని వాన చప్పుడు వినేవాళ్ళు.

అయితే ఆ ఏడు బొంతయ్యకు నడుము నొప్పి పట్టుకుంది. కొండ ఎక్కుతుంటే ఒక పక్క పట్టేసేది, దిగుతుంటే ఇంకో పక్క పట్టేసేది. దానికి తోడు తేనెటీగలు గుంపుగా వచ్చి ముక్కు మీద కుట్టాయి. ముక్కు వంకాయంత అయింది. ఇంటికొచ్చి గుహ ముందు కూలబడ్డాడు.

"ఇప్పమ్మా, ఎన్నాళ్ళే ఈ ఎక్కడం దిగడం. కూర్చుని తినే దారి ఏదైనా చూసుకోవాలి" అన్నాడు.

ఆ మాట ఏ కొమ్మ మీద ఎవరి చెవిన పడిందో గానీ, మర్నాడు పొద్దున్నే కొమ్మలరాజు అనే కొండముచ్చు వచ్చాడు. నల్లటి మొహం, తెల్లటి గడ్డం. పొడుగాటి తోకను మెడ చుట్టూ కండువాలా వేసుకున్నాడు.

"బావగారూ, వాగు అవతల మా తాత నాటిన టేకు తోట ఉంది" అన్నాడు కొమ్మలరాజు. "మూడు వందల చెట్లు. మొక్కలనుకునేరు, పదిహేనేళ్ళు పెరిగిన చెట్లు. నాటే పని లేదు, నీళ్ళు పోసే పని లేదు. ఆ కష్టమంతా మా తాతే పడ్డాడు. ఇంకో ఏడాది ఆగారంటే, వంతెన కట్టడానికి ఏనుగులు వచ్చి దుంగలు కొంటాయి. చెట్టుకు రెండు పనసపళ్ళు ఇస్తాయి. అప్పటిదాకా మీరు పడుకుని ఉన్నా సరే, అవి పెరుగుతూనే ఉంటాయి."

పడుకుని ఉన్నా పెరుగుతాయన్న మాట బొంతయ్యకు మహా నచ్చింది.

"అంత మంచి తోటను నువ్వెందుకు అమ్ముకుంటున్నావు తమ్ముడూ?" అని గుహలోంచి ఇప్పమ్మ అడిగింది.

కొమ్మలరాజు గడ్డం నిమురుకున్నాడు. "నాకు తేనె అంటే ప్రాణం అక్కా. పట్టు పిండడం మాత్రం చేతకాదు. అరవై బొంగుల తేనె ఇస్తే చాలు. సాయంత్రం ఆ తోట కోసం అడవిపంది వస్తానంది. బావగారు మనవాడు కదా అని ముందు ఇక్కడికి వచ్చాను."

గుహలో ఉన్నవి సరిగ్గా అరవై బొంగులు.

ఇప్పమ్మ మొగుణ్ణి పక్కకు పిలిచింది. "ఏమయ్యా, తోటలోకి వెళ్ళి ఒక్కో చెట్టూ తాకి చూడు. ముట్టుకోకుండా ఏ పట్టులో ఎంత తేనె ఉందో చెప్పగలవా నువ్వు? ఇదీ అంతే."

"నాకు తెలియదా" అంటూ బొంతయ్య కొమ్మలరాజు వెంట బయల్దేరాడు.

కొమ్మలరాజు ఆయన్ను తిన్నగా గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి కిందికి చూస్తే తోటంతా ఒకటే పచ్చదనం. చాటలంతేసి ఆకులు, వాటి మీద తెల్లటి పూలు. బొంతయ్యకు కళ్ళు చెదిరిపోయాయి.

"దిగి చూస్తారా?" అన్నాడు కొమ్మలరాజు. "ఎండ బాగా ముదిరింది. మీ నడుము చూస్తే జాలేస్తోంది."

పెళ్ళాం మాట గుర్తుకొచ్చి బొంతయ్య కిందికి దిగాడు. దిగాడు గానీ, తోట అంచులోనే ఆగిపోయాడు. అక్కడ ఒక చెట్టు మీద తొర్రమ్మ అనే వడ్రంగి పిట్ట కూర్చుని ఉంది.

"మామయ్యా, తోట కొంటున్నావా?" అంది తొర్రమ్మ. "నేను ఇక్కడే పుట్టి పెరిగాను. మూడు రోజులు ఆగు. ఒక్కో చెట్టూ ముక్కుతో కొట్టి చెబుతాను. నిండు చెట్టు చప్పుడు వేరు, బోలు చెట్టు చప్పుడు వేరు."

కొమ్మలరాజు బొంతయ్య చెవి దగ్గరికి వంగాడు. "చెట్లు అమ్ముడుపోతే తన గూడు పోతుందని ఆవిడ బెంగ. అయినా ఇంత పెద్దమనిషి, గుప్పెడు పిట్టను అడిగి తోట కొన్నాడంటే అడవిలో నవ్వరూ?"

నిజం చెప్పాలంటే బొంతయ్యకు టేకు గురించి ముక్క కూడా తెలియదు. కానీ కొండముచ్చు ఎదుట ఆ మాట ఒప్పుకోవడానికి మనసు రాలేదు. గొంతు సవరించుకుని, "చెట్ల సంగతి నాకు తెలుసులే తొర్రమ్మా" అనేశాడు.

అంతలో తోటలోంచి గాలి వీచింది. ఆ గాలిలో ఏదో కమ్మటి వాసన. బాగా తెలిసిన వాసనే, కానీ ముక్కు వాచి ఉండడంతో అదేమిటో అంతుపట్టలేదు. నోట్లో మాత్రం నీళ్ళూరాయి.

'అడుగు పెట్టకముందే ఆకలి పుట్టించింది. ఇది కలిసొచ్చే చోటు' అనుకున్నాడు బొంతయ్య. అక్కడికక్కడే బేరం ఖాయం చేశాడు.

పొద్దు వాలకముందే కొమ్మలరాజు బంధువులు బిలబిలమంటూ వచ్చి అరవై బొంగులూ భుజాన వేసుకుని గుట్ట దాటేశారు. ఇప్పమ్మ ఖాళీ గుహలోకి వెళ్ళింది. చీపురు తీసి ఊడ్చింది.

ఇక బొంతయ్య వైభవం చూడాలి. రోజూ దొరికిన పళ్ళేవో తిని తోట అంచుకు వెళ్ళేవాడు. ఒక చెట్టు నీడన వెల్లకిలా పడుకుని, "ఊఁ, పెరగండి" అనేవాడు. దారిన పోయే కుందేళ్ళను ఆపి, "నేనే ఈ తోట ఆసామిని" అని చెప్పేవాడు. చెప్పిన కుందేళ్ళకే మళ్ళీ చెప్పేవాడు. అవి అటు రావడం మానేసి చుట్టు దారిన పోసాగాయి.

పది రోజులకు ముక్కు వాపు తగ్గింది. ఆ రోజే వాగు దాటి కుంజరయ్య అనే ఏనుగు వచ్చాడు. ఏనుగుల వంతెన పనికి ఆయనే పెద్ద.

"బొంతయ్యా, ఈ ఏడే వంతెన కట్టాలనుకుంటున్నాం. నీ చెట్లు చూపించు" అన్నాడు కుంజరయ్య.

బొంతయ్య గుండె పొంగిపోయింది. ఏడాది దాకా ఆగనక్కర్లేదు. ఆరు వందల పనసపళ్ళు గుహలో పడతాయో లేదో అని కూడా ఆలోచించేశాడు. "రండి, రండి, ఏ చెట్టైనా చూసుకోండి" అన్నాడు.

కుంజరయ్య మొదటి చెట్టుకు నుదురు ఆనించి మెల్లగా నెట్టాడు. చెట్టు పుస్సుమంటూ పొడిపొడిగా రాలిపోయింది.

రెండో చెట్టుకు తొండం చుట్టి లాగాడు. పై సగం ఆయన తొండంలోకి వచ్చింది, కింది సగం డొల్లగా నిలబడిపోయింది.

ఆ దుమ్ము ముక్కులోకి పోయి కుంజరయ్య గట్టిగా తుమ్మాడు. ఆ తుమ్ముకు మూడో చెట్టు పడిపోయింది.

పడిన చెట్లలోంచి తెల్లతెల్లగా చెదపురుగులు కుప్పలుగా బయటికొచ్చాయి. అప్పుడు తెలిసింది బొంతయ్యకు, ఆ కమ్మటి వాసన ఏమిటో. ఎలుగులకు చెదలంటే తేనె తర్వాత అంత ఇష్టం. తాను నోరూరించుకుని కొన్నది చెదల పుట్ట అని అర్థమైంది.

"పైన ఆకులు పచ్చగా ఉన్నాయి గానీ, లోపల కర్ర లేదయ్యా" అని కుంజరయ్య ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోయాడు.

బొంతయ్య ఆ రోజు ఎవరికీ కనపడకుండా తుప్పల వెంట ఇంటికి చేరాడు. ఇప్పమ్మ ఎదుట తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు. బయట తొలకరి మొదలైంది. గుహలో చుక్క తేనె లేదు.

"నన్ను తిట్టు ఇప్పమ్మా" అన్నాడు.

"తిట్టడానికి వానాకాలమంతా ఉంది. ముందు తిండి సంగతి చూడు" అంది ఇప్పమ్మ.

మర్నాడు బొంతయ్య వానలో తడుస్తూ తొర్రమ్మ గూడు కిందికి వెళ్ళాడు. "తొర్రమ్మా, నాకు చెట్ల సంగతి తెలియదు. ఆ రోజు తెలుసని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఏం చేయాలో నువ్వే చెప్పు" అన్నాడు. ఆ మాట బయటికొచ్చాక, నడుము నొప్పి ఉన్నా ఒళ్ళు కాస్త తేలికైనట్టు అనిపించింది.

తొర్రమ్మ ఎత్తిపొడవలేదు. మూడు రోజులు టకటకమని తోటంతా కొట్టి చూసింది. "నూట యాభై చెట్లు పూర్తిగా పోయాయి మామయ్యా. తొంభై నిండుగా ఉన్నాయి. మిగతా అరవైకీ బెరడు మీద చెదల మట్టి చారలు వచ్చాయి గానీ, లోపలికి ఇంకా తొలవలేదు. వెంటనే పని మొదలుపెడితే దక్కుతాయి" అంది.

పనంటే ఇంకేముంది, తినడమే. బొంతయ్య, ఇప్పమ్మ పుచ్చిపోయిన చెట్లన్నీ చీల్చారు. మొదళ్ళ దగ్గర పుట్టలు తవ్వారు. ముక్కు మట్టిలో పెట్టి చెదలను జుర్రుకున్నారు. ఆ వానాకాలం వాళ్ళకు వెచ్చగా పడుకునే యోగం లేదు. ఒళ్ళంతా బురద, చెవుల్లో మట్టి. మొదటి వారం చెదలు అమృతంలా ఉన్నాయి. రెండో వారం ఫరవాలేదనిపించాయి. నెల తిరిగేసరికి పుట్ట కనపడితే బొంతయ్య మొహం తిప్పుకునేవాడు. "ఇంకో పుట్ట మిగిలింది, తిను" అని ఇప్పమ్మ పక్కన నిలబడి తినిపించేది. తిట్లన్నీ అప్పుడే పడ్డాయి.

వానలు వెనకబట్టేసరికి తోటలో చెదలు లేవు. కొమ్మలరాజు జాడ కూడా లేదు. దూరపు గుట్టల్లో ఎవరికో వెదురు తోట చూపిస్తున్నాడని కబురొచ్చింది. బొంతయ్య ఆ గుట్టలకు పోయే కాకులతో, కొనే ముందు తోటలోకి దిగి చూడమని కబురంపాడు.

కర్ర దొరక్క ఆగిపోయిన వంతెన కోసం మరుసటి ఏడు కుంజరయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి తొండం ముడుచుకుని తోటకు దూరంగా నిలబడ్డాడు.

"ఎన్ని చెట్లున్నాయి బొంతయ్యా?"

"మూడు వందలు కొన్నానండి" అన్నాడు బొంతయ్య. "నూట యాభై గట్టివి. నా మాట నమ్మొద్దు, తొర్రమ్మ ఒక్కో చెట్టూ కొట్టి వినిపిస్తుంది, మీరూ నెట్టి చూడండి."

"మరి మిగతా నూట యాభై ఏమయ్యాయి?"

బొంతయ్య ఇప్పమ్మ వైపు చూశాడు. ఇప్పమ్మ కొండ వైపు చూసింది.

"తినేశామండి" అన్నాడు బొంతయ్య.

నీతి: అమ్మేవాడి మాట విని కొనకూడదు, దగ్గరికి వెళ్ళి మన చేత్తో తాకి చూసుకోవాలి. తెలియని సంగతి తెలియదని ఒప్పుకుని, తెలిసినవాళ్ళను ముందే అడిగితే చిన్నతనమేమీ లేదు.