కంతలోంచి తోసేసిన నల్లపిల్ల

కొండ కింద జీడితోట. చుట్టూ ముళ్ళకంచె, మూలన చిన్న కంత. లోపల కోళ్ళమంద. ఒకప్పుడు ఆ మందని చూడాలి! ఎర్రవి, నల్లవి, మచ్చలవి, ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. పొద్దస్తమానం ఒకటే గోల.

తర్వాత తెల్లపుంజు సేతువ మందకి పెద్దయ్యాడు. ఆ పెద్దకి సలహాదారు ఎవరనుకున్నారు? కంచె అవతలి నక్క!

"అల్లుడూ, పాలల్లో ముంచి తీసినట్టున్నావు. నీ మందలో ఈ రంగుల కంగాళీ ఏంటయ్యా? తెల్లపిల్లల్ని ఉంచుకో, మిగతావాటిని కంతలోంచి బయటికి తోసెయ్. నేనా, కంచె దాటి రాను. ఒట్టు."

సేతువ పొంగిపోయాడు. అప్పట్నుంచి అదే ఆచారం. పిల్లలు పుట్టిన మూడోరోజు, జీడిపిక్కలు ఎండబెట్టే కళ్ళంలో నిలబెట్టి రెక్క విప్పి చూడటం, రంగు తేడా ఉంటే కన్నతల్లే ముక్కుతో కంతలోంచి తోసేయడం. ఆ తర్వాత ఏం జరిగేదో ఎవరూ అడగలేదు. నక్క పొట్ట మాత్రం కిందికి జారింది.

ఏళ్ళు గడిచేసరికి పాతకోళ్ళు పోయి, మందంతా తెల్లగా మిగిలింది. తెల్లది కానిది ముసలి పైడమ్మ ఒక్కతే, నల్లమచ్చల పెట్ట. "ఎలాగూ గుడ్లు మానేసింది, పడి ఉండనీ" అని వదిలేశారు.

ఆ వేసవిలో గవరమ్మ పొదిగిన గుడ్లల్లో ఒక నల్లపిల్ల బయటపడింది.

"పెద్దయ్యా, ఇదొక్కటీ వదిలెయ్. రెక్క కింద దాచుకుంటాను, ఎవరికీ కనబడనివ్వను," అని సేతువ కాళ్ళ మీద పడింది గవరమ్మ.

"వదిలితే రేపు మందంతా కాకులే!"

పైడమ్మ ఊరుకోలేకపోయింది. "నాయనా, దీని ముత్తాత నల్లపుంజు. ఆ రక్తం ఇన్నాళ్ళకి పైకొచ్చింది, ఉండనీ. నా చిన్నప్పుడు కొక్కెర తెగులొస్తే తెల్లవన్నీ మూడ్రోజుల్లో పోయాయి. నేనూ, ఇద్దరు నల్లవాళ్ళూ మిగిలాం. ఎందుకంటే నాకేం తెలుసు? ఒక్కో ఒంట్లో ఒక్కో బలం. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఒకే రకం తాళం వేస్తే దొంగకి ఒక్క తాళంచెవి చాలు కదయ్యా."

"ముసలి చాదస్తం! తొయ్యవే గవరమ్మా!"

మందంతా చూస్తోంది. గవరమ్మ కళ్ళు మూసుకుని తోసేసింది. అవతల నుంచి "కిచ్" మని ఒక్కసారి వినిపించింది, అంతే.

నెల తిరక్కుండా తెగులొచ్చింది. మెడలు మెలితిరిగిపోయాయి, రెక్కలు వాలిపోయాయి. తెల్లవాటిల్లో తట్టుకున్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. మూడోరోజుకి సేతువ కాళ్ళీడ్చుకుంటూ కంత దగ్గరికి వెళ్ళాడు. అక్కడ గవరమ్మ అప్పటికే పడి ఉంది, తల కంతలో పెట్టి.

"మావా! మేం తోసినవాటిల్లో ఒక్కటైనా బతికుందా? ఆ నల్లపిల్లైనా?"

"భలేవాడివి అల్లుడూ," నక్క మూతి నాక్కుంది. "ఇన్నేళ్ళూ నువ్వు పంపిందే కదా నేను తిన్నది. నీ కంచె నేనెప్పుడైనా దాటానా?"

సేతువ ఇంకేదో అనబోయాడు. మెడ మెలితిరిగి గవరమ్మ పక్కనే ఒరిగిపోయాడు.

వారం తర్వాత నక్కకి ఆకలేసింది. కంత దగ్గర కూర్చుని ఎదురుచూసి, చూసి, చివరికి ఒట్టు తీసి గట్టున పెట్టి లోపలికి దూరింది. తోటంతా కుళ్ళు కంపు. మధ్యలో పైడమ్మ ఒక్కతే మట్టి గీరుకుంటోంది. ఈసారి కూడా తెగులు దాన్ని ముట్టలేదు.

"ఏవమ్మా, కొత్తపిల్లలు ఎప్పుడొస్తాయి?"

"ఎవరు పెట్టాలి నాయనా గుడ్లు? నేను మానేసి మూడేళ్ళయింది," అంది పైడమ్మ. "నన్ను తిను. తిన్నాక రేపటి సంగతి చూసుకో."

ఆ మర్నాడు జీడితోటలో పొద్దు పొడిచింది, కూత కాదు కదా, మట్టి గీరే చప్పుడు కూడా వినబడలేదు.

తనలా లేనివాళ్ళందర్నీ ఏరి పారేసిన మందకి, ఆపదొచ్చిన రోజున తట్టుకుని నిలబడేవాడు ఒక్కడూ మిగలడు.