మైలన్న చూసిన మబ్బు

దేశం ఒకటే. దానికి ఒక చివర సముద్రం, నడుమ ఎడారి, ఇంకో చివర మంచు కొండలు. ఒకే వేసవిలో తీరాన చెమట కారుతుంది, ఎడారిలో నాలుక పిడచగడుతుంది, కొండల్లో మంచు కరిగి ఏరులు పొంగుతాయి. ఈ సంగతి పుస్తకాల్లో చదువుకునే భాగ్యం జంతువులకు లేదు పాపం, ఒంటి మీదే నేర్చుకోవాలి.

ఆ దేశంలో ఉప్పు మోసే పని జంతువులది. తీరంలో పండిన ఉప్పును ఎడారి మొదట్లో ఉన్న సరిహద్దు రాయి దాకా ఎద్దులు మోసేవి. అక్కడి నుంచి ఇసక దాటించే పని ఒంటెది. కొండ మొదట్లో జడలబర్రె అందుకుని పైనున్న గొర్రెలకు చేర్చేది. రాయి దగ్గర ఎదుటివాళ్లు వచ్చేదాకా, ఎన్నాళ్లయినా సరే, కదలకుండా కూర్చోవాలి. అది తాతల నాటి కట్టుబాటు. ఎందుకు పెట్టారో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఉప్పు మోసే ఎద్దుల్లో మైలన్న, పుల్లన్న ఒక జత. ఒకే కొట్టంలో పుట్టి, ఒకే తొట్టిలో కుడితి తాగి పెరిగినవాళ్లు. మైలన్న పెద్దవాడు, పుల్లన్న చిన్నవాడు. నడిచేటప్పుడు పుల్లన్న ఎప్పుడూ అన్నకు ఎడమ పక్కనే ఉండేవాడు. ఆ పక్క కాకపోతే అతనికి నడక సాగేది కాదు.

మైలన్నకు తీరమంతా ఒక పేరుంది. వాన ఎప్పుడొస్తుందో అతను చెప్పాడంటే తిరుగులేదు. నైరుతి మూల మబ్బు చూసి అతను తల ఊపితే బాతులు పిల్లల్ని గట్టుకెక్కించేవి, ఉప్పుమళ్ల కోతులు పరుగు పరుగున ఉప్పు రాశుల మీద తాటాకులు కప్పేవి. ఒక్కసారి కూడా అతని మాట తప్పలేదు. కొంచెం గర్వం ఉండేది, ఉండదా మరి.

ఆ ఏడు వేసవిలో రెండెద్దులూ వీపున ఉప్పు బస్తాలు, పక్కలకు తలో రెండు కుండల నీళ్లతో రాయి దగ్గరికి చేరాయి. ఒంటె పెద్దమ్మ రాలేదు. ఒక రోజు చూశారు, రెండు రోజులు చూశారు. మూడో రోజు పొద్దున్నే కొండల వైపు నుంచి ఒక గద్ద వచ్చి వాలింది. మంచు తొందరగా కరుగుతోందనీ, పది రోజుల్లో ఏరు పొంగి కొండ దారి మూసుకుపోతుందనీ, ఉప్పు నాకక ఈనిన గొర్రెలు నీరసించిపోతున్నాయనీ, పిల్లలకు పాలు దిగడం లేదనీ చెప్పి వెళ్లిపోయింది. మైలన్నకు కాలు నిలవలేదు.

ఆ రాయి పక్క పొదలో ఒక నక్క కాపురం ఉండేది. దాని గుంటలో నీళ్లు ఎండి వారమైంది. ఎద్దుల పక్కన వేలాడుతున్న కుండల మీదే దాని కళ్లున్నాయి. నాలుగు చుక్కలు పోయమని అడగవచ్చు. కానీ అడగడం నక్క జాతికి నామోషీ. అది మైలన్న ముందుకొచ్చి కూర్చుంది.

"ఎద్దు మామా, వానల సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలీదంటారు, నిజమేనా?"

"ఏదో, కొంచెం తెలుసు అల్లుడూ."

"మీ ఊళ్లో నైరుతి మూల అలా నల్లబడితే ఏమొస్తుంది?"

మైలన్న తలెత్తి చూశాడు. ఎడారి అంచున, సరిగ్గా నైరుతి మూలనే, నల్లగా ఒక గోడ లేస్తోంది.

"వానొస్తుంది," అన్నాడు.

"ఎంతసేపట్లో?"

"సాయంత్రం లోపు."

"మరి వాన పడ్డాక దారి పొడుగునా నీళ్లే కదా. నెత్తిన పడే నీళ్లను వీపున మోసుకెళ్లడం ఎందుకు మామా? బరువు తగ్గితే ఒంటె కోసం చూడక్కర్లేదు, మీరే ఇసక దాటేస్తారు. నేనేం చెప్పలేదు సుమా, అంతా నువ్వన్నదే."

పుల్లన్న గాలిని పీల్చి చూశాడు. "అన్నా, తడి వాసన రావడం లేదు," అన్నాడు మెల్లగా. "పెద్దమ్మ వచ్చేదాకా ఉందామా?"

అప్పుడు ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఇన్నేళ్లుగా తన మాటకు ఎదురు వినని మైలన్నకు ఆ చిన్న మాట గుచ్చుకుంది. "ఎన్ని మబ్బులు చూశావురా నువ్వు?" అన్నాడు. పుల్లన్న తల దించుకుని, నువ్వు చెప్తే వానే అన్నా అనేశాడు. నక్క ఎంతో మర్యాదగా పళ్లతో తాళ్లు విప్పి నాలుగు కుండలూ దింపించుకుంది. ఎద్దులు ఇసకలోకి దిగాయి.

మధ్యాహ్నం దాటాక నల్ల గోడ దగ్గరికొచ్చింది. తీరంలో తొలివాన ముందు ఎద్దులు చేసే పనే ఇద్దరూ చేశారు. గాలికి ఎదురుగా నిలబడి, ముఖాలెత్తి, నోళ్లు తెరిచారు. వాళ్ల నోళ్లలో పడింది ఇసక. కళ్లలో, ముక్కుల్లో, గొంతుల్లో అంతా ఇసకే. గాలి ఆ సాయంత్రం మొదలు మర్నాడు పొద్దెక్కేదాకా ఆగలేదు. ఆగాక చూస్తే దారి లేదు, వచ్చిన అడుగుల జాడ లేదు, ఎండ మాత్రం ఉంది.

ఆ రోజంతా తడబడుతూ నడిచారు. తర్వాతి రోజు పుల్లన్న ముందరి కాళ్లు మడిచి కూలబడ్డాడు. కళ్లు ఇసకతో పూడుకుపోయి అతనికి ఏమీ కనిపించడం లేదు. మైలన్న తన నీడ అతని ముఖం మీద పడేలా నిలబడ్డాడు. ఇవ్వడానికి అతని దగ్గర అంతకు మించి ఏమీ లేదు.

"అన్నా, మబ్బు ఉందా?" అని అడిగాడు పుల్లన్న.

ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. "ఉందిరా. నెత్తి మీదికొచ్చేసింది."

"తడి వాసన వస్తోందా? నాకు తెలీడం లేదు."

"వస్తోందిరా. ఇదిగో, ఇప్పుడే పడుతుంది."

తెలిసి తెలిసి మైలన్న వాన గురించి ఆడిన అబద్ధం అదొక్కటే. పుల్లన్న దాన్ని నమ్మి, తొలిచినుకు కోసం నోరు కొంచెం తెరిచి, అలాగే ప్రాణం విడిచాడు.

ఎడారి లోపల ఆ గాలి ముందే మొదలై, ఒక రోజు ఆలస్యంగా తగ్గింది. అందాకా తన బావి దగ్గర ఒదిగి కూర్చున్న ఒంటె పెద్దమ్మ, తగ్గగానే బయలుదేరి దారిలో వాళ్లను చూసింది. పొట్టలో దాచుకున్నట్టు ఎప్పుడూ వెంట ఉంచుకునే నీళ్ల తిత్తి విప్పి ముందు మైలన్న గొంతు తడిపింది. ఆ తర్వాత చుట్టూ చూసి, మీ కుండలేవని అడిగింది. మైలన్న జరిగిందంతా చెప్పాడు.

"అది వాన మబ్బు కాదు నాయనా, దుమ్ము," అంది పెద్దమ్మ. "ఇక్కడ నైరుతి మూల నల్లబడితే గాలికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చోవాలి. నేను రాలేదంటే నేనూ అలా కూర్చున్నానని అర్థం. ఆ కుండల్లో నీళ్లుంటే మీరు నా బావి దాకా వచ్చేసేవాళ్లు. ఇక్కడి నుంచి అర రోజు నడక."

రెండు జతల బస్తాలూ తన మీదికి మార్చుకుని, మైలన్నను బావి దగ్గర వదిలి, ఆమె కొండ వైపు సాగింది. ఏరు పొంగడానికి ఒక్క రోజు ముందు ఉప్పు పైకి చేరింది. గొర్రెలకు పాలు దిగాయి. ఆ కబురు గద్ద తెచ్చి చెప్పినప్పుడు మైలన్న సంతోషించాలనే అనుకున్నాడు.

ఊరికి తిరిగొచ్చాక బాతులు అలవాటుగా వచ్చి, మామా వాన ఎప్పుడని అడిగాయి. మైలన్న తలెత్తలేదు. ఆ ఏడు వాన బాగా కురిసింది. ఎద్దులన్నీ నోళ్లు తెరిచి నిలబడితే అతనొక్కడూ ముఖం నేలకు వంచుకుని తడిశాడు.

మరుసటి వేసవి ఒంటరిగానే బస్తాలు, కుండలు మోసుకుని రాయి దగ్గరికొచ్చాడు. నడిచినంత దూరం ఎడమ పక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలే నడిచాడు. నక్క పొదలోంచి తొంగిచూసి, పారిపోబోయి, దాహానికి కాళ్లాడక ఆగిపోయింది. మైలన్న ఒరిగి ఒక కుండ దాని ముందుకు దింపాడు.

"తాగు. ఆ రోజు కూడా అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా అల్లుడూ."

నక్క కుండలో మూతి పెట్టింది కానీ తాగకుండానే పైకెత్తింది. ఏదో ఒకటి మాట్లాడాలని నైరుతి వైపు చూసింది. అక్కడ మళ్లీ నల్లగా లేస్తోంది. "మామా, అది వానేనా?" అంది.

"నాకేం తెలుసు? ఇది పెద్దమ్మ నేల. ఆమె వచ్చాక అడుగుదాం," అన్నాడు మైలన్న. గాలికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని, ఎడమ పక్క చోటు వదిలి కూర్చున్నాడు.

ఇందులో నీతి ఇదీ: పరాయి నేల మీద అడుగు పెట్టేవాడు తన ఊరి ఆకాశాన్ని ఇంటి దగ్గరే వదిలి రావాలి.